వేలు నేర్చుకుంటోందా... పాప నేర్చుకుంటోందా?

రెండేళ్ల పిల్ల ఫోన్ లాక్ తీసి, యూట్యూబ్ ఓపెన్ చేసి, యాడ్ స్కిప్ కొట్టేసిందంటే ఇంట్లో పండగే. ‘ఈ కాలం పిల్లలు పుట్టుకతోనే ఇంజినీర్లురా’ అని పక్కింటాయన కూడా సర్టిఫికెట్ ఇచ్చేస్తాడు. ఒక్క నిమిషం ఆగండి. అందులో సగం క్రెడిట్ మాది. అంటే, యాప్‌లు రాసేవాళ్లది. ఎక్కడ నొక్కినా ఏదో ఒకటి జరిగేలా, ఏ వైపు జరిపినా ఏదో ఒకటి కదిలేలా, చదువు రాని వేలు కూడా దారి తప్పకుండా ఉండేలా తయారుచేయడమే మా ఉద్యోగం. రెండేళ్ల పిల్లకు ఫోన్ వాడటం వచ్చిందంటే ఫోన్ అంత తేలిగ్గా ఉందని అర్థం. పిల్ల ఏం నేర్చుకుందన్నది వేరే ప్రశ్న.

నేను అనంతపురం జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ చదివి, బెంగళూరులో మొబైల్ యాప్‌ల టీమ్‌లో పనిచేస్తున్నా. ఊరికి వెళ్లిన ప్రతిసారీ బంధువుల్లో ఎవరో ఒకరు అడుగుతారు. ‘పాపకు ఏ యాప్ వేయమంటావు? ట్యాబ్ కొనమంటావా? ఆ కళ్లకు పెట్టుకునే వీఆర్ డబ్బా మంచిదేనా?’ అని. ప్రతిసారీ నోటికొచ్చిన పేరేదో చెప్పి పంపడం కంటే, దీని మీద అసలు పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూద్దామని కూర్చున్నా. చదివేకొద్దీ మా జిల్లానే కళ్ల ముందు కనబడింది. ఎందుకో చెప్తా.

అవ్వ దగ్గర పిల్ల, పిల్ల చేతిలో ఫోన్

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న నేల మాది. నైరుతి మేఘాలు మా దాకా వచ్చేసరికి ఖాళీ అవుతాయి, ఈశాన్యం మా దాకా రాకముందే అలిసిపోతుంది. ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా అదునుకు పడదు. చెనిక్కాయ పంట చేతికి రాని ఏడాది ఊళ్లకు ఊళ్లు బెంగళూరు బస్సెక్కుతాయి. కొందరు భవన నిర్మాణ పనులకు, కొందరు గార్మెంట్ ఫ్యాక్టరీలకు, కొందరు ఇంకా దూరంగా కేరళకు. పసిపిల్లలు మాత్రం చాలా ఇళ్లలో అవ్వ దగ్గరో, జేజి దగ్గరో ఉండిపోతారు.

ఆ ఇళ్లలో స్మార్ట్‌ఫోన్‌ది రెండు పాత్రల డ్యూయల్ రోల్. సాయంత్రం అమ్మానాన్నల మొహం చూపించేది అదే. మిగతా రోజంతా అవ్వ వంట చేసుకుంటున్నప్పుడు, ఉపాధి పనికి పోయినప్పుడు పిల్లను ఆడించేదీ అదే. నగరంలో ఫ్లాట్‌లో ఉండే ఇంజినీరు దంపతులకు ‘స్క్రీన్ టైమ్’ ఒక చర్చ. మా ఊళ్లలో అది పిల్ల పెంపకంలో ఒక మనిషి చేసే పని. అందుకే ఈ గాజు పలక నిజంగా ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు అన్నది తెలుసుకోవడం ఇక్కడ మరీ అవసరం.

తొమ్మిది నెలల పసివాళ్లు చెప్పిన సంగతి

2003లో అమెరికాలోని సియాటెల్‌లో ప్యాట్రిషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. ఇంగ్లిష్ మాత్రమే వినిపించే ఇళ్లలోని తొమ్మిది నెలల పిల్లలను తీసుకున్నారు. కొందరితో చైనీయులు నేల మీద కూర్చుని, బొమ్మలు చూపిస్తూ మాండరిన్‌లో కబుర్లు చెప్పారు. మొత్తం 12 సార్లు. ఇంకొందరికి అవే మాటలు టీవీలో చూపించారు, మరికొందరికి ఆడియో వినిపించారు. మనిషితో ఆడుకున్న పిల్లలు మాండరిన్‌లోని శబ్దాల తేడాను పట్టేశారు. టీవీ చూసినవాళ్లకు, ఆడియో విన్నవాళ్లకు ఏమీ అంటలేదు. అవే మాటలు, అదే భాష. లేనిదల్లా ఎదురుగా మనిషి.

2010లో జూడీ డెలోచ్ బృందం చేసిన ఇంకో ప్రయోగం తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సింది. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య పిల్లలకు, మాటలు నేర్పుతుందని బాగా అమ్ముడుపోతున్న ఒక వీడియోను నాలుగు వారాలపాటు ఇంట్లో చూపించారు. నెల తర్వాత పరీక్షిస్తే, వీడియో అసలు చూడని పిల్లలకంటే వీళ్లకు ఎక్కువ మాటలేం రాలేదు. వీడియో లేకుండా, అవే మాటలను అమ్మానాన్నలు రోజువారీ పనుల మధ్య వాడుతూ నేర్పిన పిల్లలు అందరికంటే ముందున్నారు. ఇందులో అసలు మెలిక ఇంకోటుంది. వీడియో నచ్చిన తల్లిదండ్రులు తమ పిల్లలు చాలా నేర్చుకున్నారని నమ్మారు. నేర్చుకున్నది లేకపోయినా!

‘అది టీవీ కదా, టచ్ స్క్రీన్ అయితే పిల్ల చేత్తో చేస్తుంది కదా’ అనొచ్చు. ఆ ప్రశ్నకూ జవాబు వెతికారు. 2009లో రేచల్ బార్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ తదితరులు 15 నెలల పిల్లలకు ఒక బొమ్మ మీద బటన్ నొక్కడం చూపించారు. స్క్రీన్ మీద చూసి స్క్రీన్ మీదే చేయమంటే చేశారు. నిజం బొమ్మ మీద చూసి నిజం బొమ్మ మీద చేయమన్నా చేశారు. స్క్రీన్ మీద నేర్చుకున్నది తెచ్చి నిజం బొమ్మ మీద చేయమంటే మాత్రం బాగా తడబడ్డారు. తిరగేసి పెట్టినా అంతే. అంటే గాజు లోపలి ప్రపంచం నుంచి నేర్చుకున్నది గాజు బయటికి మోసుకు రావడం పసివయసులో చాలా కష్టం. మనం చూడాల్సింది అదే. పిల్ల స్క్రీన్ మీద ఏం చేస్తోంది అన్నది కాదు, స్క్రీన్ నుంచి ఏం మోసుకొస్తోంది అన్నది.

లోపల ఏం జరుగుతుందో నన్నడగండి

ఫోన్ గాజు కింద కంటికి కనబడని సన్నని గీతల వల ఉంటుంది. అందులో కొద్దిపాటి విద్యుత్తు ఆవేశం నిలిచి ఉంటుంది. వేలు దగ్గరికి వచ్చేసరికి ఆ చోట ఆవేశం కాస్త మారుతుంది. ఆ మార్పును బట్టి ‘ఫలానా చోట, ఫలానా క్షణంలో తాకారు’ అని సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. మా దాకా వచ్చే సమాచారం అదే. రెండు అంకెలు, ఒక టైమ్.

ఇప్పుడు స్క్రీన్ మీద ఏనుగు, కోడి, ఆవు ఉన్నాయనుకోండి. ‘ఏనుగు ఏది?’ అని ఫోన్ అడిగింది. పాప ఏనుగును తాకింది. ఏనుగని తెలిసి తాకిందా? అది కొంచెం ఊగుతోందని తాకిందా? చెయ్యి అటువైపు ఉందని తాకిందా? ఫోన్‌కు తెలియదు. పైగా పసిపిల్లల యాప్‌లలో తప్పు నొక్కితే ‘టుంగ్’ అని చప్పుడొచ్చి మళ్లీ అవకాశమిస్తుంది. మూడే బొమ్మలు. కళ్లు మూసుకుని ఒక్కోటీ నొక్కుతూ పోయినా మూడోసారికి నక్షత్రం వస్తుంది, చప్పట్లు మోగుతాయి. యాప్ మాత్రం ‘లెవెల్ పూర్తి’ అని రాసుకుంటుంది. వారం చివర అమ్మకు ‘మీ పాప ఇన్ని పదాలు నేర్చుకుంది’ అని రంగురంగుల రిపోర్టు కూడా పంపొచ్చు. నొక్కడాన్ని లెక్కపెట్టి నేర్చుకోవడం అని పేరు పెట్టడం మా రంగంలో చాలా సులువు.

కళ్యాణదుర్గం దగ్గర మా అక్కవాళ్ల ఊళ్లో ఈ తేడా స్పష్టంగా చూశాను. నాలుగేళ్ల మేనకోడలు అంకెల యాప్‌లో పది దాకా అన్ని లెవెల్సూ దాటేసింది. నోటితో ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్తుంది. ఆ పక్కనే వాళ్ల జేజి చెనిక్కాయలు ఒలుస్తోంది. ‘నాకు ఐదు ఇయ్యి’ అన్నాను. గుప్పెడు తీసి చేతిలో పోసింది. ‘ఐదేనా?’ అంటే ‘ఊ’ అంది, ధీమాగా. 

ఇది ఆ పిల్ల తెలివితక్కువతనమేమీ కాదు. అంకెలు వరుసగా అప్పజెప్పడం వేరు, ‘ఐదు’ అంటే ఇన్ని అని తెలియడం వేరు అని 1990లోనే కారెన్ విన్ అనే పరిశోధకురాలు చూపించింది. ఆమె పరీక్ష కూడా ఇదే. ‘నాకు ఇన్ని ఇవ్వు’. చాలామంది పిల్లలకు మూడున్నర, నాలుగేళ్ల దగ్గర ఆ తలుపు తెరుచుకుంటుంది. మా జేజి ఆ పరిశోధనేమీ చదవలేదు. ‘రెండు నాకీ, మూడు మీ మామకీ, ఇంకొకటి నీకీ. యాడ, చెయ్యి సూపీ’ అంటూ ఒలుస్తూనే ఆట మొదలుపెట్టింది. తప్పిస్తే తిరిగి లాక్కునేది, సరిగ్గా ఇస్తే నోట్లో వేసేది. నేను తిరిగి బస్సెక్కే రోజుకు ఐదు అడిగితే ఐదే వచ్చాయి. ఒక్క పిల్లతో ఏదీ రుజువు కాదు. కానీ యాప్ చూడలేనిది, పిల్ల కళ్లలోకి చూస్తూ ఎప్పుడు సందేహపడిందో పట్టేసే మనిషి చూడగలదని నాకు అర్థమైంది. మా ఊళ్లలో వామనగుంతలు, అచ్చనగాయలు ఆడించిన జేజిలంతా చేసింది ఈ పనే.

మరి స్క్రీన్ పనికిరాదా? వస్తుంది... ఎప్పుడంటే

వయసు పెరిగేకొద్దీ కథ మారుతుంది. 2016లో ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ యూనివర్సిటీ పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు ‘టవర్ ఆఫ్ హనోయ్’ అనే బిళ్లల పజిల్ ఇచ్చారు. ఒక కడ్డీ మీద పెద్ద బిళ్ల నుంచి చిన్న బిళ్ల దాకా పేర్చి ఉంటాయి. ఒక్కోటీ తీస్తూ, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, ఇంకో కడ్డీకి మార్చాలి. ట్యాబ్ మీద సాధన చేసిన పిల్లలు తర్వాత చెక్క బిళ్లలతోనూ బాగానే చేశారు. అంటే నాలుగు దాటాక, చక్కగా తయారుచేసిన పని అయితే, గాజు లోపలిది బయటికి మోసుకు రాగలరు.

‘చక్కగా తయారుచేసిన’ అంటే ఏంటి? 2015లో క్యాథీ హిర్ష్-పాసెక్ బృందం నాలుగు గుణాలు చెప్పింది. వేలు కాదు, బుర్ర పనిచేయాలి. ధ్యాస చెదరకూడదు. పిల్లకు తెలిసిన జీవితంతో ముడిపడాలి. ఇంకో మనిషితో మాటలు పుట్టించాలి. ఈ నాలుగు పట్టుకుని ప్లే స్టోర్‌లోకి వెళ్లి చూడండి. ‘ఎడ్యుకేషనల్’ అని పేరు పెట్టుకున్నవాటిలో చాలా భాగం మొదటి గడప దగ్గరే రాలిపోతాయి. 

కథల యాప్‌లదీ అదే తీరు. నెదర్లాండ్స్‌కు చెందిన అడ్రియానా బస్, ఆమె సహచరులు ఇలాంటి పరిశోధనలను కలిపి చూసి 2015లో తేల్చిందేమిటంటే, కథకు సరిపోయే బొమ్మ కదలికలు, శబ్దాలు పిల్లకు కథ అర్థం కావడానికి సాయపడతాయి. కథకు సంబంధం లేకుండా నొక్కితే ఎగిరే కప్పలు, మధ్యలో వచ్చే ఆటలు మాత్రం కథను మింగేస్తాయి. పిల్ల కథ వినదు, కప్ప కోసం వెతుకుతుంది.

ఇక ఉచిత యాప్‌ల సంగతి. మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు ఐదేళ్లలోపు పిల్లలు వాడే 135 యాప్‌లను పరిశీలిస్తే 95 శాతంలో ఏదో ఒక రూపంలో ప్రకటనలున్నాయి. ఆట మధ్యలో వీడియోలు, ఏడుపు మొహం పెట్టి కొనమని అడిగే కార్టూన్ బొమ్మలు కూడా. రూపాయి తీసుకోని యాప్ పిల్ల దగ్గర ఇంకేదో తీసుకుంటుంది. అది ధ్యాస.

మంచివీ ఉన్నాయి. గూగుల్ ‘రీడ్ అలాంగ్’ యాప్‌లో తెలుగు ఉంది. పిల్ల గట్టిగా చదువుతుంటే అది వింటుంది, తప్పినచోట పలికి చూపిస్తుంది, కథలు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. వీటిలో పిల్ల గొంతు విప్పాలి, లేదా పక్కన ఎవరో చదివి వినిపించాలి. తేడా అక్కడే.

పలకా? టచ్ స్క్రీనా?

అక్షరాలు దిద్దించే యాప్‌లు తెలుగులో బోలెడు. చుక్కల మీద వేలు జరిపితే ‘అ’ తయారవుతుంది, వెంటనే పటాకులు పేలతాయి. 2012లో కారిన్ జేమ్స్ అనే శాస్త్రవేత్త ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లలను మూడు రకాలుగా సాధన చేయించింది. సొంతంగా చేత్తో రాయడం, చుక్కల మీద దిద్దడం, కీబోర్డు మీద నొక్కడం. తర్వాత ఆ అక్షరాలను చూపిస్తూ మెదడును స్కాన్ చేస్తే, చదవడానికి వాడే భాగాలు చురుగ్గా స్పందించింది సొంతంగా రాసిన అక్షరాలకే. 

దీనికి చెప్పే కారణం చాలా బాగుంటుంది. పిల్ల సొంతంగా రాస్తే ప్రతిసారీ అక్షరం వంకరగా, ఒక్కో రకంగా వస్తుంది. అన్ని వంకర రూపాలూ ఒకే అక్షరమని మెదడు అలా నేర్చుకుంటుంది. చుక్కల మీద దిద్దితే ప్రతిసారీ ఒకేలా వస్తుంది. అది ఇంగ్లిష్ అక్షరాలతో చేసిన ప్రయోగమే. కానీ ప, ష, స మధ్య, మ, య మధ్య చిన్న తేడాతో తిప్పలు పెట్టే మన లిపికి ఇది ఇంకా వర్తిస్తుందని నాకనిపిస్తుంది. కాబట్టి యాప్‌లో ‘చుక్కలు తీసెయ్’ అనే ఆప్షన్ ఉంటే నొక్కండి. లేదంటే పది రూపాయల బలపాల డబ్బా ఉంది. ఇంటి ముందు ఇసుక ఉంటే ఆ ఖర్చు కూడా లేదు.

వీఆర్: సముద్రం చూడని పిల్లకు తిమింగలం

మా జిల్లాలో సముద్రం చూడని పిల్లలే ఎక్కువ. అలాంటి పిల్లకు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెడితే? కళ్ల ముందే సముద్రం. తల తిప్పినవైపల్లా నీళ్లు. ఊహించుకుంటేనే బాగుంది కదా. 

స్టాన్‌ఫర్డ్‌లో 2009లో సరిగ్గా ఇదే చేశారు. సెగోవియా, బెయిలెన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు, పిల్లలు తమలాగే ఉన్న బొమ్మ తిమింగలాలతో ఈత కొట్టడాన్ని వీఆర్‌లో చూపించారు. కొన్ని రోజుల తర్వాత అడిగితే, ఎలిమెంటరీ వయసు పిల్లల్లో చాలామంది ‘అవును, నేను నిజంగానే తిమింగలాలతో ఈత కొట్టాను’ అన్నారు. కళ్లు మూసుకుని ఊహించుకోమన్న పిల్లల్లో కూడా అలాంటి జ్ఞాపకాలు పుట్టాయి. ఇంకా చిన్నవాళ్లయితే ఏ పద్ధతిలో చెప్పినా నిజానికీ కల్పనకీ తేడా చెప్పలేకపోయారు. పసి మెదడులో ఆ గోడ ఇంకా కట్టడం పూర్తి కాలేదన్నమాట. వీఆర్ బలం, ప్రమాదం రెండూ అక్కడే ఉన్నాయి.

2019లో బెయిలీ, బెయిలెన్సన్ నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు సెసమీ స్ట్రీట్‌లోని గ్రోవర్ బొమ్మను కొందరికి టీవీలో, కొందరికి వీఆర్‌లో చూపించారు. ‘నేను చెప్పినప్పుడే చేయాలి, చెప్పకుండా చేసినప్పుడు ఆగాలి’ అనే ఆట ఆడించారు. వీఆర్‌లో ఉన్న పిల్లలు తమను తాము ఆపుకోలేకపోయారు. అదే సమయంలో గ్రోవర్‌తో ఎక్కువ స్నేహం చేశారు, తమ స్టిక్కర్లను దానికి ఎక్కువ పంచారు. తెరలోని బొమ్మ వాళ్లకు పక్కనున్న మనిషి అయిపోయింది. ఇదే ఆకర్షణను రేపు ఒక ప్రకటన వాడుకుంటే? ఆలోచించండి.

శరీరం సంగతి కూడా ఉంది. హెడ్‌సెట్‌లు పెద్దవాళ్ల తలకు, పెద్దవాళ్ల రెండు కళ్ల మధ్య దూరానికి తయారైనవి. మెటా క్వెస్ట్ 2 అరకిలో బరువుంటుంది. బొమ్మ దూరంగానో, దగ్గరగానో ఉన్నట్టు కనబడుతుంది కానీ కళ్లు ఫోకస్ చేసేది మాత్రం ఎప్పుడూ ఒకే దూరంలో. ఆ లాగులాటకు పెద్దవాళ్లకే తలనొప్పి వస్తుంది. మెటా కంపెనీ కూడా 2023లో వయసు పరిమితిని 13 నుంచి తగ్గించినా, పదేళ్ల దగ్గరే ఆగింది. అంగన్‌వాడీ వయసు పిల్లకు ఇది వస్తువే కాదు.

పదేళ్లు దాటిన పిల్లలకు, టీచర్ పక్కనుండగా, పది నిమిషాలపాటు, వెళ్లలేని చోట్లను చూపించడానికి వీఆర్ బాగుంటుంది. గుండె లోపల, సముద్రం అడుగున, చంద్రుడి మీద. వెళ్లగలిగిన చోటైతే బస్సే నయం. లేపాక్షిలో నేలకు పూర్తిగా ఆనని స్తంభం కింద గుడ్డ దూర్చి చూసే పిల్ల కళ్లలో మెరుపును ఏ హెడ్‌సెట్ ఇవ్వలేదు. కదిరి దగ్గర ఎకరాలకు ఎకరాలు పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమాను ఊడలు పట్టుకుని ఊగడానికి చార్జింగ్ అక్కర్లేదు.

బడిలో స్క్రీన్లు: లెక్క వేరే

మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులకు స్క్రీన్లు భారీగానే వచ్చాయి. 2022 డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు లక్షల సంఖ్యలో ట్యాబులు పంచారు. ఆ తర్వాత హైస్కూలు తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, చిన్న బడుల్లో స్మార్ట్ టీవీలు వచ్చాయి. వీటిని పసిపిల్లల ఫోన్‌తో ఒకే గాటన కట్టకూడదు. 

పెద్ద పిల్లల విషయంలో మంచి సాక్ష్యం ఉంది. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ ఢిల్లీలో 619 మంది విద్యార్థులతో ‘మైండ్‌స్పార్క్’ అనే కంప్యూటర్ కార్యక్రమాన్ని పరీక్షించారు. 2019లో అచ్చయిన ఫలితాల ప్రకారం, నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో అవకాశం దక్కిన పిల్లలు మిగతావాళ్లను బాగా దాటిపోయారు. రహస్యం మెరిసే బొమ్మల్లో లేదు. ఏడో తరగతి పిల్లకు నాలుగో తరగతి లెక్కలే వస్తే, ఆ సాఫ్ట్‌వేర్ నాలుగో తరగతి నుంచే మొదలుపెడుతుంది. యాభై మంది ఉన్న గదిలో ఒక్క టీచర్ చేయలేని పని అది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోనూ ఇదే సూత్రంతో ‘పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్’ పేరుతో ట్యాబ్ ల్యాబులు నడుస్తున్నాయి. బెంగళూరు వలసతో బడి మధ్యలో మానేసి, మళ్లీ వచ్చే మా జిల్లా పిల్లలకు ఇలాంటిది నిజంగా పనికొస్తుంది. తోటివాళ్ల ముందు సిగ్గుపడకుండా, వదిలేసిన చోటి నుంచి అందుకోవచ్చు.

అయితే వస్తువు చేతికొచ్చినంత మాత్రాన చదువు జరగదు. అసర్ 2024 సర్వే గ్రామాల్లోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగింది. గడిచిన వారంలో ఫోన్‌ను చదువుకు వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. మనం ఏ వైపున్నామో మనకు తెలుసు కదా, నవ్వకండి.

బెంగళూరులో ఉన్న అమ్మకు ఒక మంచి వార్త

ఇన్ని పరిశోధనల్లో నాకు బాగా నచ్చింది 2014 నాటిది. సారా రోజ్‌బెర్రీ, హిర్ష్-పాసెక్, గోలింకాఫ్ రెండు నుంచి రెండున్నరేళ్ల పిల్లలకు కొత్త క్రియాపదాలు నేర్పారు. కొందరికి ఎదురుగా కూర్చుని, కొందరికి వీడియో కాల్‌లో, కొందరికి ఇంకో పిల్లతో చేసిన కాల్ రికార్డింగ్ చూపించి. రికార్డింగ్ చూసినవాళ్లు నేర్చుకోలేదు. వీడియో కాల్‌లో నేర్చుకున్నవాళ్లు మాత్రం ఎదురుగా మనిషి ఉన్నవాళ్లతో సమానంగా నేర్చుకున్నారు! అదే గాజు, అదే తెర. తేడా ఒక్కటే. పిల్ల అన్నదానికి అవతలి మనిషి అప్పటికప్పుడు బదులిచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకు కూర్చోబెట్టి స్క్రీన్ చూపించొద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు రోజుకు గంట దాటొద్దని చెప్పింది. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచనలూ దాదాపు అవే. కానీ రెండేళ్లలోపు పిల్లల విషయంలో కూడా అయినవాళ్లతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కు మినహాయింపునిచ్చింది. వలసపోయిన ప్రతి అమ్మ, ప్రతి నాన్న ఈ మాట వినాలి.

కాబట్టి కాల్‌ను ‘తిన్నావా? నిద్రపోయినావా?’ దగ్గర ఆపేయకండి. యాప్‌లు రాసేవాడిగా, మామగా నేను చెప్పగలిగినవి ఇవి:

- సిగ్నల్ బాగుండే చోటు వెతుక్కోండి. మాట వెళ్లి బదులు రావడానికి రెండు సెకన్లు పడితే పిల్లకు అది రికార్డింగ్‌తో సమానం. నెట్ సరిగా లేకపోతే వీడియో క్వాలిటీ తగ్గించండి.
- ఫోన్‌ను పిల్ల చేతికివ్వకుండా చెంబుకో, గోడకో ఆనించి పెట్టమని అవ్వకు చెప్పండి. పిల్ల రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.
- రెండు వైపులా ఒకే వస్తువు పెట్టుకోండి. అక్కడ నాలుగు గింజలు, ఇక్కడ నాలుగు గింజలు. ‘నేను రెండు తీశా, నువ్వు ఎన్ని తీస్తావు?’
- అవ్వను పక్కనే కూర్చోబెట్టండి. అమ్మ తెరలో ‘చెంబు’ అంటే, అవ్వ నిజం చెంబు చేతికివ్వాలి. గాజు లోపలిది బయటికి మోసుకొచ్చే మనిషి ఆమే.
- రోజూ ఒకే వేళకు, పది పదిహేను నిమిషాలు చాలు. పిల్ల లేచి వెళ్లిపోతే పోనివ్వండి. కోళ్ల వెంట పరుగెత్తడం కూడా చదువే.

ఇంట్లో ఏదైనా యాప్ వేస్తే వారం తర్వాత చిన్న పరీక్ష పెట్టండి. యాప్ రిపోర్టు చూడొద్దు. అందులో నేర్చుకున్నదాన్ని ఫోన్ లేకుండా చేయమనండి. రంగులు నేర్చుకుందా, బట్టల మూటలో ఎర్ర గుడ్డ తెమ్మనండి. లెక్క నేర్చుకుందా, ఐదు చెనిక్కాయలు అడగండి. కథ విందా, జేజికి చెప్పమనండి. చేసిందంటే ఆ యాప్‌ను ఉంచండి. చేయలేకపోతే డిలీట్ కొట్టండి, మా రంగంవాళ్లం ఏమీ అనుకోం.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఇంకా పిల్లలు లేరు. కానీ ఊళ్లో అక్క కొడుకో, తమ్ముడి కూతురో ఉంటారు. ‘ఏ యాప్ వేయమంటావు?’ అని మిమ్మల్నే అడుగుతారు, ఎందుకంటే ఫోన్ గురించి ఇంట్లో ఎక్కువ తెలిసింది మీకే. ఈసారి యాప్ పేరు చెప్పే ముందు, ఆ పిల్లకు వీడియో కాల్ కలిపి, నాలుగు గింజలు దగ్గర పెట్టుకోమనండి.